మద్యం తెచ్చేది నిద్రా? మత్తా?

పడుకోగానే కన్ను మూతపడేలా చేసే మద్యం, రాత్రి రెండో సగంలో అదే నిద్రను ఎలా చెడగొడుతుంది?

పగలంతా ఒళ్లు హూనం చేసుకున్న కూలీ, వందల కిలోమీటర్లు బండి నడిపిన డ్రైవరు, టార్గెట్ల ఒత్తిడిలో నలిగిన ఉద్యోగి... రాత్రిపూట మందు ఎందుకని అడిగితే చాలామంది చెప్పే కారణం ఒకటే: "అది పడకపోతే నిద్ర పట్టదు." ఈ మాటలో కొంత నిజం ఉంది. తాగి పడుకున్నవారు మామూలు కంటే త్వరగా నిద్రలోకి జారుకుంటారు. చూసేవారికి మొద్దునిద్ర పోతున్నట్టే కనిపిస్తారు. అయితే అదే మనిషికి ఏ రెండింటికో మూడింటికో మెలకువ వచ్చేస్తుంది. నోరు పిడచకట్టుకుపోయి ఉంటుంది. గుండె దడదడలాడుతుంది, ఒళ్లంతా చెమట. ఎంత దొర్లినా మళ్లీ కునుకు పట్టదు. ఏడెనిమిది గంటలు పక్క మీదే ఉన్నా, పొద్దున లేచేసరికి నిద్రపోయినట్టే ఉండదు.

త్వరగా నిద్ర పుచ్చిన పదార్థమే అర్ధరాత్రి దాటాక ఎందుకు తట్టి లేపుతుంది? ఈ ప్రశ్న కొద్దిమందికి పరిమితమైనది కాదు. దేశంలో 10 నుంచి 75 ఏళ్ల మధ్య వయసువారిలో సుమారు 16 కోట్ల మంది మద్యం తాగుతున్నారని కేంద్ర ప్రభుత్వం కోసం ఢిల్లీ ఎయిమ్స్ నిర్వహించి 2019లో విడుదల చేసిన జాతీయ సర్వే అంచనా వేసింది. 2019-21లో జరిగిన అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 ఏళ్లు దాటిన పురుషుల్లో తాగేవారు దేశం మొత్తం మీద 19 శాతం కాగా, తెలంగాణలో 43 శాతం. అంటే ఆ రాష్ట్రంలో ప్రతి అయిదుగురు మగవారిలో ఇద్దరికి పైగా ఈ ప్రశ్నతో సంబంధం ఉన్నట్టే.

రాత్రికి ఒక క్రమం ఉంది

మద్యం దేన్ని చెడగొడుతుందో తెలియాలంటే ముందు మామూలు నిద్ర ఎలా నడుస్తుందో చూడాలి. నిద్ర అంటే మెదడు స్విచ్చు ఆపేసినట్టు ఆగిపోవడమేనని చాలాకాలం అనుకున్నారు. జర్మనీకి చెందిన మానసిక వైద్యుడు హాన్స్ బెర్గర్ 1924లో మొదటిసారి మనిషి తలపై నుంచి మెదడు విద్యుత్ తరంగాలను నమోదు చేశాడు. ఆ పద్ధతే నేటి ఇఇజి పరీక్ష. దాని సాయంతో నిద్రను గమనిస్తే, రాత్రంతా మెదడు ఒకే స్థితిలో ఉండదని తేలింది. 1953లో షికాగో విశ్వవిద్యాలయంలో యూజీన్ అసెరిన్‌స్కీ, నథానియెల్ క్లైట్‌మన్ మరో విశేషం కనిపెట్టారు. నిద్రలో కొన్నిసార్లు మూసిన రెప్పల కింద కనుగుడ్లు అటూ ఇటూ చురుగ్గా కదులుతుంటాయి. ఆ సమయంలో లేపితే చాలామంది తమకు కల వస్తోందని చెప్పారు. ఈ దశకే రెమ్ నిద్ర అని పేరు. తెలుగులో కలల దశ అనుకోవచ్చు.

కన్ను మూతపడగానే ముందు తేలికపాటి నిద్ర, ఆ తర్వాత గాఢనిద్ర, చివరికి రెమ్ దశ వస్తాయి. ఈ చక్రం ఒకసారి తిరగడానికి సుమారు గంటన్నర పడుతుంది. రాత్రికి ఇలాంటివి నాలుగైదు చక్రాలు. అయితే అన్ని చక్రాలూ ఒకేలా ఉండవు. గాఢనిద్రలో ఎక్కువ భాగం రాత్రి మొదటి సగంలోనే పూర్తవుతుంది. అప్పుడు మెదడులో నెమ్మదైన, పెద్ద తరంగాలు కనిపిస్తాయి. శరీరం మరమ్మతులకు తోడ్పడే గ్రోత్ హార్మోన్ ఎక్కువగా విడుదలయ్యేది ఈ సమయంలోనే. రెమ్ దశ మొదటి చక్రంలో కొన్ని నిమిషాలే ఉంటుంది. తెల్లవారుజాము దగ్గరపడే కొద్దీ దాని నిడివి పెరుగుతూ పోతుంది. పెద్దవారి నిద్రలో దాదాపు అయిదో వంతు నుంచి నాలుగో వంతు వరకు ఈ దశే. నేర్చుకున్న విషయాలను, పగటి ఉద్వేగాలను మెదడు సర్దుకోవడంలో దీనికి పాత్ర ఉందని శాస్త్రవేత్తలు భావిస్తున్నారు.

మొదటి సగంలో గాఢనిద్ర, రెండో సగంలో కలలు. ఈ ఏర్పాటును గుర్తుపెట్టుకుంటే మద్యం చేసే పని తేలిగ్గా అర్థమవుతుంది.

1933లోనే దొరికిన ఆనవాలు

రెమ్ నిద్ర సంగతి ఇంకా ఎవరికీ తెలియని రోజుల్లోనే మద్యం ప్రభావం రెండు సగాల్లో రెండు రకాలుగా ఉంటుందని కనిపెట్టినవారిలో క్లైట్‌మన్ ఒకరు. 1933లో ఆయన, సహచరులతో కలిసి, పడుకునే ముందు ఆల్కహాల్ లేదా కెఫీన్ తీసుకున్నవారు నిద్రలో ఎంత కదులుతున్నారో, వారి శరీర ఉష్ణోగ్రత ఎలా మారుతోందో కొలిచారు. ఆల్కహాల్ తీసుకున్న రాత్రి మొదటి సగంలో కదలికలు తగ్గాయి, ఒంటి ఉష్ణోగ్రతా తగ్గింది. రెండో సగానికి వచ్చేసరికి కథ తిరగబడింది. కదలికలు మామూలు కంటే ఎక్కువయ్యాయి. మొదట దొరికిన ప్రశాంతతకు తర్వాత మూల్యం చెల్లించాల్సి వచ్చినట్టు కనిపించింది.

ఆ తర్వాత దశాబ్దాలుగా నిద్ర ప్రయోగశాలల్లో ఇఇజి, గుండె వేగం, శ్వాస, కండరాల బిగువు అన్నీ ఒకేసారి నమోదు చేసే పరీక్షలు జరిగాయి. వాటన్నిటినీ క్రోడీకరించి 2013లో లండన్ పరిశోధకులు ఒక సమీక్ష ప్రచురించారు. మోతాదు ఎంతైనా నిద్ర పట్టడానికి పట్టే సమయం తగ్గుతుందని, రాత్రి మొదటి సగం నిద్ర చిక్కబడుతుందని, రెండో సగంలో మెలకువలు పెరుగుతాయని అది తేల్చింది. రెమ్ దశ ఆలస్యంగా మొదలవుతుందని, మోతాదు పెరిగితే రాత్రి మొత్తం మీద రెమ్ తగ్గిపోతుందని కూడా చెప్పింది.

ఇటీవల మరో 27 అధ్యయనాల ఫలితాలను కలిపి చేసిన విశ్లేషణ 2025లో 'స్లీప్ మెడిసిన్ రివ్యూస్' పత్రికలో వచ్చింది. అందులో ఆలోచింపజేసే అంశం ఒకటుంది. శరీర బరువులో కిలోకు అర గ్రాము, లేదా అంతకంటే తక్కువ ఆల్కహాల్ తీసుకున్నా రెమ్ నిద్ర దెబ్బతినడం మొదలవుతోంది. కానీ నిద్ర త్వరగా పట్టడమనే 'లాభం' స్పష్టంగా కనిపించింది కిలోకు 0.85 గ్రాములు దాటిన పెద్ద మోతాదుల్లోనే. అంటే నష్టానికి కొంచెం సరిపోతుంది, లాభానికి ఎక్కువ కావాలి.

ఒక క్వార్టర్ లెక్క

కిలోకు గ్రాముల లెక్క ఎవరికీ అంత తేలిగ్గా అంతుపట్టదు. సీసాల్లోకి మార్చి చూస్తే బోధపడుతుంది. మన దేశంలో దొరికే విస్కీ, బ్రాందీ, రమ్ముల్లో సాధారణంగా 42.8 శాతం ఆల్కహాల్ ఉంటుంది. ఆల్కహాల్ సాంద్రత నీటి కంటే తక్కువ, మిల్లీలీటరుకు 0.789 గ్రాములు. ఆ లెక్కన 30 మిల్లీలీటర్ల చిన్న పెగ్గులో దాదాపు 10 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. 60 మిల్లీలీటర్ల పెద్ద పెగ్గులో 20 గ్రాములు. 180 మిల్లీలీటర్ల క్వార్టర్ సీసాలో సుమారు 60 గ్రాములు. 650 మిల్లీలీటర్ల బీరు సీసాలో 5 శాతం ఆల్కహాల్ ఉంటే సుమారు 25 గ్రాములు, స్ట్రాంగ్ బీరులో 8 శాతం ఉంటే సుమారు 40 గ్రాములు. "బీరే కదా" అని తీసిపారేసే ఒక్క స్ట్రాంగ్ సీసా నాలుగు చిన్న పెగ్గులతో సమానమన్నమాట. కల్లు విషయంలో లెక్క కట్టడం కష్టం. చెట్టు నుంచి దించిన కల్లు గంటలు గడిచేకొద్దీ పులుస్తూనే ఉంటుంది కాబట్టి ఉదయం కల్లులో ఉన్నంత ఆల్కహాలే సాయంత్రం కల్లులో ఉంటుందని చెప్పలేం.

60 కిలోల మనిషికి కిలోకు అర గ్రాము అంటే 30 గ్రాములు, అంటే మూడు చిన్న పెగ్గులు. రెమ్ నిద్రను కదిలించడానికి అంతకంటే తక్కువైనా చాలునన్నది పై విశ్లేషణ సారాంశం.

లోపలికి వెళ్లిన ఆల్కహాల్ ఎంతసేపట్లో బయటపడుతుంది? చాలా మందులు శరీరంలో ఎంత ఎక్కువ ఉంటే అంత వేగంగా తగ్గుతాయి. ఆల్కహాల్ అలా కాదు. దాన్ని విరగ్గొట్టే ఎంజైములు కాలేయంలో కొద్దిపాటి మోతాదుకే నిండుకుపోతాయి. ఒక్కటే కౌంటరు ఉన్న టికెట్ కిటికీ లాంటిది ఆ ఏర్పాటు. బయట వరుస ఎంత పెరిగినా గంటకు ఇచ్చే టికెట్లు అన్నే. మనిషిని బట్టి గంటకు సుమారు 7 నుంచి 10 గ్రాములు మాత్రమే ఖర్చవుతుంది. నిమ్మరసం, మజ్జిగ, కాఫీ, చన్నీటి స్నానం ఏవీ ఈ వేగాన్ని పెంచలేవు.

రాత్రి 9 గంటలకు మొదలుపెట్టి క్వార్టర్ ముగించిన మనిషి 11 గంటలకు పడుకున్నాడనుకుందాం. 60 గ్రాములు ఖర్చు కావడానికి ఆరు నుంచి ఎనిమిదిన్నర గంటలు పడుతుంది. అంటే తెల్లవారుజాము మూడు నుంచి అయిదున్నర వరకు రక్తంలో ఆల్కహాల్ మిగిలే ఉంటుంది. అతను నిద్రపోయిన ప్రతి గంటా ఆ మోతాదు కొంచెం కొంచెం తగ్గుతూనే ఉంటుంది. రాత్రంతా అతని మెదడు ఒక నిలకడైన స్థితిలో కాకుండా, దిగుతున్న మెట్ల మీద ఉన్నట్టు. అర్ధరాత్రి మెలకువకు మూలం ఇక్కడే ఉంది.

మెదడులో తక్కెడ

మెదడులో నాడీకణాలను నెమ్మదింపజేసే ప్రధాన రసాయనం గాబా. వాటిని ఉత్తేజపరిచే ప్రధాన రసాయనం గ్లుటమేట్. ఈ రెండూ తక్కెడలో రెండు పళ్లేల్లాంటివి. ఆల్కహాల్ గాబా పనికి బలమిస్తుంది, గ్లుటమేట్ పనికి అడ్డుపడుతుంది. ఫలితంగా మెదడు మందగిస్తుంది, రెప్పలు బరువెక్కుతాయి. ఆపరేషన్ ముందు ఇచ్చే మత్తుమందుల్లో చాలావాటికి, కొన్ని నిద్రమాత్రలకు కూడా ఆధారం ఈ గాబా వ్యవస్థే. మద్యం ఇచ్చేదాన్ని, డాక్టరు ఇచ్చేదాన్ని తెలుగులో 'మత్తు' అనే ఒకే మాటతో పిలవడం కాకతాళీయమే కావచ్చు, జీవరసాయన శాస్త్రం దృష్టిలో మాత్రం అది సరైన పోలికే.

దీనికి తోడు అడెనోసిన్ అనే మరో రసాయనం ఉంది. మెలకువగా ఉన్నంతసేపూ ఇది మెదడులో పేరుకుంటుంది. ఎంత పేరుకుంటే అంత నిద్ర ముంచుకొస్తుంది. నిద్రపోతే ఖర్చయిపోతుంది. కాఫీ తాగితే నిద్ర ఎగిరిపోవడానికి కారణం, కెఫీన్ ఈ అడెనోసిన్‌ను తన పని చేసుకోనివ్వకపోవడమే. అమెరికాలోని మిస్సోరి విశ్వవిద్యాలయంలో మహేశ్ ఠక్కర్, రిషి శర్మ, ప్రదీప్ సహోతా ఆల్కహాల్‌కూ అడెనోసిన్‌కూ ఉన్న సంబంధాన్ని ఏళ్ల తరబడి పరిశోధించారు. కణాల మధ్య ఉన్న అడెనోసిన్‌ను తిరిగి లోపలికి చేర్చే ద్వారాన్ని ఆల్కహాల్ అడ్డుకుంటుంది. దాంతో మెలకువను నియంత్రించే మెదడు భాగంలో అడెనోసిన్ ఒక్కసారిగా పెరిగిపోతుంది. రోజంతా కష్టపడితే రావాల్సిన నిద్రభారం గంటలోనే వచ్చిపడుతుంది. అంటే ఆల్కహాల్ నిద్రను సహజంగా రప్పించదు, నిద్ర కోసం శరీరం దాచుకునే భారాన్ని దొడ్డిదారిన పెంచుతుంది. ఆ భారం మొదటి గంటల్లోనే ఖర్చయిపోతే తెల్లవారేదాకా నిద్రను నిలబెట్టడానికి ఏమీ మిగలదు.

ఇంకోపక్క, తక్కెడ ఒకవైపు ఒరిగిపోవడాన్ని మెదడు చూస్తూ ఊరుకోదు. గాబాను తగ్గించి, గ్లుటమేట్‌ను పెంచి సరిచేసే ప్రయత్నం చేస్తుంది. రెండు మూడు గంటల రాత్రికి ఆల్కహాల్ పలచబడేసరికి ఆ సర్దుబాటు మాత్రం మిగిలిపోతుంది. అవతలి బరువు తీసేసినా ఇవతలి రాయి అలాగే ఉన్నట్టు, తక్కెడ ఉత్తేజం వైపు ఒరుగుతుంది. గుండె వేగం, చెమట, ఆందోళన, ఉలికిపాటు, పీడకలలు అన్నీ దాని గుర్తులే. మొదటి సగంలో అణిగిపోయిన రెమ్ దశ కూడా ఈ సమయంలోనే ఒత్తిడిగా బయటికి రావాలని చూస్తుంది, మెలకువలతో ముక్కలైపోతుంది.

గాఢనిద్ర పెరిగితే మంచిదే కదా?

ఇక్కడ ఒక సందేహం సహజం. మొదటి సగంలో గాఢనిద్ర పెరుగుతుందని పరిశోధనలే చెబుతున్నప్పుడు, అది లాభం కాదా? 2015లో మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 18 నుంచి 21 ఏళ్ల యువతపై చేసిన ప్రయోగం ఈ సందేహానికి కొంత జవాబిచ్చింది. తాగి పడుకున్న రాత్రి గాఢనిద్రకు గుర్తైన డెల్టా తరంగాలు పెరిగిన మాట నిజమే. కానీ వాటితో పాటే మెదడు ముందు భాగంలో ఆల్ఫా తరంగాలూ పెరిగాయి. ఆల్ఫా తరంగాలు మెలకువగా ఉండి కళ్లు మూసుకుని విశ్రాంతి తీసుకునేటప్పుడు కనిపించేవి. అంటే ఒకే సమయంలో గాఢనిద్ర గుర్తులు, మెలకువ గుర్తులు కలగలిసిపోయాయి. అలాంటి నిద్ర పూర్తి విశ్రాంతి ఇవ్వదని పరిశోధకులు అనుమానిస్తున్నారు.

గుండె కూడా ఇదే మాట చెబుతోంది. ఫిన్లాండ్‌లో 4,098 మంది ఉద్యోగుల గుండె స్పందనల్లో వచ్చే సూక్ష్మ హెచ్చుతగ్గులను వారి సొంత ఇళ్లలోనే నమోదు చేసి 2018లో ఒక అధ్యయనం ప్రచురించారు. నిద్రపోయిన మొదటి మూడు గంటల్లో శరీరం ఎంతవరకు విశ్రాంతి స్థితిలోకి వెళ్తోందో ఈ హెచ్చుతగ్గులు చెబుతాయి. ఒకే మనిషి తాగిన రాత్రినీ తాగని రాత్రినీ పోల్చి చూశారు. కొద్దిగా తాగితే ఈ విశ్రాంతి కొలత 9.3 పాయింట్లు, మధ్యస్థంగా తాగితే 24, ఎక్కువ తాగితే 39.2 పాయింట్లు పడిపోయింది. రోజూ వ్యాయామం చేసేవారికీ ఇందులో మినహాయింపు దొరకలేదు. బయటికి మొద్దునిద్రలా కనిపించే ఆ తొలి మూడు గంటల్లోనే గుండె పని మానలేదన్నమాట.

గురక, దాహం, బాత్‌రూమ్

మెదడు సంగతి అలా ఉంచితే, మిగతా శరీరం కూడా నిద్రను భంగపరుస్తుంది. ఆల్కహాల్ గొంతు చుట్టూ ఉన్న కండరాలను, ముఖ్యంగా నాలుకను ముందుకు పట్టి ఉంచే కండరాన్ని వదులు చేస్తుంది. శ్వాసనాళం ఇరుకై గురక పెరుగుతుంది. గురక పెట్టేవారిలో కొందరికి కొన్ని సెకన్ల పాటు ఊపిరే ఆగిపోతుంది. రక్తంలో ఆక్సిజన్ తగ్గి, మెదడు ఉలిక్కిపడి లేపితే తప్ప మళ్లీ గాలి ఆడదు. దీన్నే స్లీప్ ఆప్నియా అంటారు. మద్యం తాగేవారిలో ఈ సమస్య వచ్చే అవకాశం సుమారు 25 శాతం ఎక్కువని 2018 నాటి సమగ్ర విశ్లేషణ ఒకటి లెక్కగట్టింది. భారతదేశంలో పది కోట్ల మందికి పైగా పెద్దలకు స్లీప్ ఆప్నియా ఉండవచ్చని 2023లో ఎయిమ్స్ పరిశోధకులు అంచనా వేశారు. తమకు ఆ జబ్బుందన్న సంగతే తెలియనివారు అందులో చాలామంది. "తాగి హాయిగా గుర్రుపెడుతున్నాడు" అని ఇంట్లోవాళ్లు అనుకునే మనిషి నిజానికి ఊపిరి కోసం పోరాడుతూ ఉండవచ్చు.

శరీరంలో నీటిని ఆదా చేసే వాసోప్రెసిన్ హార్మోన్‌ను ఆల్కహాల్ అణచివేస్తుంది. అందుకే మూత్రం ఎక్కువగా వస్తుంది, నోరు ఎండుతుంది. చర్మం దగ్గర రక్తనాళాలు విచ్చుకోవడం వల్ల ఒళ్లు వెచ్చబడినట్టు అనిపిస్తుంది, లోపలి ఉష్ణోగ్రత మాత్రం తగ్గుతుంది. చీకటి పడిందని శరీరానికి కబురు చేసే మెలటోనిన్ కూడా తగ్గుతుంది. పడుకునే వేళకు గంట ముందు తాగిన యువతీయువకుల లాలాజలంలో మెలటోనిన్ 15 నుంచి 19 శాతం దాకా తగ్గినట్టు 2007లో అమెరికా పరిశోధకులు గుర్తించారు.

స్త్రీలలో ఈ ప్రభావం మరింత ఎక్కువ. శరీరంలో నీటి శాతం తక్కువ కావడం వల్ల ఒకే మోతాదుకు వారి రక్తంలో ఆల్కహాల్ సాంద్రత ఎక్కువవుతుంది. సాంద్రత సమానంగా ఉండేలా మోతాదు సరిచేసి ఇచ్చినప్పుడు కూడా, పురుషుల కంటే స్త్రీలే ఎక్కువసేపు మెలకువగా గడిపారని 93 మంది ఆరోగ్యవంతులపై 2011లో ప్రచురితమైన అధ్యయనం చూపింది.

"అయితే సాయంత్రమే ముగిస్తే?" అన్న ప్రశ్నకు స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్‌లో 1996లోనే ఒక జవాబు దొరికింది. మధ్య వయసు దాటిన మగవారికి పడుకోవడానికి ఆరు గంటల ముందు కిలోకు 0.55 గ్రాముల ఆల్కహాల్ ఇచ్చారు. పడుకునే సమయానికి వారి శ్వాసలో ఆల్కహాల్ ఆనవాలే లేదు. అయినా ఆ రాత్రి వారి మొత్తం నిద్ర, రెమ్ నిద్ర రెండూ తగ్గాయి. రెండో సగంలో మెలకువగా ఉన్న సమయం రెట్టింపయింది. ఎడం పెంచితే నష్టం తగ్గవచ్చు గానీ, పూర్తిగా తప్పదన్నమాట.

మందే జబ్బుగా మారితే

అప్పుడప్పుడు తాగేవారికి ఇది ఒక రాత్రి నష్టం. నిద్ర కోసమే రోజూ తాగేవారికి మాత్రం ఇది విషవలయం. వరుసగా కొన్ని రాత్రులు తాగితే మెదడు దానికి అలవాటుపడి, నిద్ర త్వరగా పట్టే గుణం పలచబడుతుంది. రెండో సగంలో జరిగే చెరుపు మాత్రం అలాగే ఉంటుంది. పాత ఫలితం కోసం మోతాదు పెంచాల్సి వస్తుంది. సరిగ్గా నిద్రలేని మనిషి పగలంతా టీ, కాఫీ, సిగరెట్లతో నెట్టుకొస్తాడు. వాటి వల్ల రాత్రి నిద్ర ఇంకా వెనక్కి పోతుంది. మళ్లీ సీసా అవసరమవుతుంది. మద్యానికి బానిసలైనవారిలో 36 నుంచి 91 శాతం దాకా నిద్రలేమితో బాధపడుతున్నట్టు వేర్వేరు అధ్యయనాలు నమోదు చేశాయి. తాగుడు మానేశాక కూడా నెలల తరబడి నిద్ర కుదురుకోకపోవచ్చు. మానేసినవారిని మళ్లీ సీసా వైపు లాగే బలమైన కారణాల్లో ఈ నిద్రలేమి ఒకటి.

ఈ వలయం ఎంత ప్రమాదకరమో తెలంగాణ కల్లు కాంపౌండ్లు చూపించాయి. అసలు కల్లు చాలనప్పుడు క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, ఆల్ప్రజోలం వంటి మత్తు పదార్థాలు కలిపి అమ్మిన ఉదంతాలు అక్కడ ఎన్నోసార్లు బయటపడ్డాయి. ఇవన్నీ మద్యం తట్టే గాబా తలుపునే తడతాయి. 2015 సెప్టెంబరులో అధికారులు కల్తీపై దాడులు పెంచడంతో పలు జిల్లాల్లో ఆ కల్లుకు అలవాటుపడినవారు నిద్రపట్టక, చేతులు వణుకుతూ, ఫిట్స్ వచ్చి, పిచ్చిపిచ్చిగా మాట్లాడుతూ ఆస్పత్రులకు చేరారు. బరువు ఒక్కసారిగా తీసేస్తే తక్కెడ ఎలా ఎగిరిపడుతుందో చెప్పడానికి అంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

ఏం చేయాలి?

ఏళ్ల తరబడి రోజూ ఎక్కువగా తాగుతున్నవారు ఈ వ్యాసమో మరొకటో చదివి రాత్రికి రాత్రే పూర్తిగా ఆపేయడం మంచిది కాదు. ఆపిన మొదటి రెండు రోజుల్లో ఫిట్స్, ఆ తర్వాత ఒకటి రెండు రోజుల్లో మతిభ్రమణ, తీవ్రమైన వణుకు, జ్వరం రావచ్చు. అది ప్రాణాల మీదికి తెస్తుంది. పొద్దున లేవగానే చేతులు వణకడం, ఒక చుక్క పడితే గానీ కుదుటపడకపోవడం కనిపిస్తే, డాక్టరు పర్యవేక్షణలోనే మానాలి. ప్రభుత్వ ఆస్పత్రుల మానసిక వైద్య విభాగాల్లో, డీ అడిక్షన్ కేంద్రాల్లో ఈ చికిత్స దొరుకుతుంది. వ్యసన విముక్తికి కేంద్ర ప్రభుత్వ హెల్ప్‌లైన్ 14446, మానసిక ఆరోగ్య సలహాలకు టెలి మానస్ 14416. రెండూ ఉచితం.

రెండో హెచ్చరిక, మద్యాన్నీ నిద్రమాత్రలనూ ఎప్పుడూ కలపకూడదు. రెండూ కలిసి ఊపిరి తీసుకోమని చెప్పే మెదడు కేంద్రాన్నే మందగింపజేస్తాయి. జలుబుకు వాడే కొన్ని మగత మాత్రలతోనూ జాగ్రత్త అవసరం. గురకతో పాటు మధ్యమధ్యలో ఊపిరి ఆగుతున్నట్టు పక్కవారు గమనిస్తే, తాగినా తాగకపోయినా పరీక్ష చేయించుకోవాలి.

నిద్రలేమికే చికిత్స కావాలనుకునేవారికి మంచి మార్గం ఉంది. కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ అనే మాటల చికిత్సను మందుల కంటే ముందు ప్రయత్నించాలని అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2016లో సూచించింది. దాని సూత్రాలు సాదాసీదావి. నిద్ర ఎలా ఉన్నా రోజూ ఒకే సమయానికి లేవడం, పక్కను నిద్రకు మాత్రమే వాడుకోవడం, ఇరవై నిమిషాలైనా కన్ను మూతపడకపోతే లేచి మరో చోట కూర్చుని నిద్ర వచ్చాకే తిరిగి పడుకోవడం, "ఈ రాత్రి కూడా నిద్ర పట్టదేమో" అన్న భయాన్ని నెమ్మదిగా వదిలించుకోవడం. మొదటి వారం కష్టంగానే ఉంటుంది. ఫలితం వారాల మీద కనిపిస్తుంది. సీసాలా పది నిమిషాల్లో పనిచేయదు. కానీ దానికి మోతాదు పెంచాల్సిన అవసరం రాదు, తెల్లవారుజామున బాకీ తీర్చాల్సిన పనీ ఉండదు.

తాగడం మానలేకపోతున్నానని కాక, నిద్ర పట్టడం లేదని డాక్టరు దగ్గరికి వెళ్లేవారు మన దగ్గర ఎక్కువ. అలా వెళ్లినప్పుడు ఎంత తాగుతున్నారో, ఏ వేళకు తాగుతున్నారో దాచకుండా చెప్పడం మేలు. సరైన చికిత్స అక్కడి నుంచే మొదలవుతుంది. ఆ సమాచారం లేకుండా రాసిన నిద్రమాత్ర రెండో ప్రమాదాన్ని తెచ్చిపెడుతుంది. రాత్రి ఎన్ని గంటలకు నిద్ర పట్టిందన్న ఒక్క లెక్కతో సరిపెట్టుకోకుండా, తెల్లవారుజామున ఎన్నిసార్లు మెలకువ వచ్చింది, లేచాక ఒంట్లో ఎలా ఉంది అన్న లెక్కలు కూడా రెండు వారాల పాటు ఒక కాగితం మీద రాసుకుంటే, మందు పడిన రాత్రికీ పడని రాత్రికీ ఉన్న తేడా ఎవరికి వారికే కనిపిస్తుంది.